డాలసా, జెర్సీ సిటీనా? కొత్తగా వస్తున్నాం, సలహా చెప్పండి

కొత్తగా వస్తున్నవాడు: అందరికీ నమస్కారం. వచ్చే నెల హెచ్‌-1బి మీద వస్తున్నాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. జెర్సీ సిటీ ఆఫీసో, డాలస్ పక్కన ఇర్వింగ్ ఆఫీసో తేల్చుకోమంటున్నారు మేనేజర్. జీతం ఎక్కడైనా 1,20,000 డాలర్లే. మా ఆవిడది హెచ్‌-4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఉండేది అద్దె ఇంట్లోనే. ఎక్కడైతే నెలాఖరుకి నాలుగు డబ్బులు మిగులుతాయి?

ఫ్రిస్కో వాసి: ఆలోచించకుండా డాలస్ వచ్చెయ్యండి తమ్ముడూ. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. పెట్టకూడదని 2019లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇల్లు కొన్న వెంటనే హోమ్‌స్టెడ్‌కి (సొంతింటి పన్ను మినహాయింపు) అప్లై చెయ్యండి, స్కూల్ ట్యాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 తీసేస్తారు. కౌంటీ వాళ్లు విలువ పెంచినప్పుడల్లా మే 15 లోపు ప్రొటెస్ట్ వెయ్యండి, బద్ధకించొద్దు. కొత్త కాలనీల్లో కొనేముందు మడ్ ట్యాక్స్ (నీళ్లు, డ్రైనేజీ ఏర్పాట్లకి వేసే అదనపు పన్ను) ఉందేమో చూసుకోండి, ఉంటే తడిసి మోపెడవుతుంది.

ఎడిసన్ పాతకాపు: ఆయన అద్దె ఇల్లు మొర్రో అంటుంటే హోమ్‌స్టెడ్ అంటారేంటండీ! ట్యాక్స్ సంగతి నేను చెప్తాను. న్యూజెర్సీలో 10.75 శాతం అని భయపెడతారు, అది 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయానికి. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 1,20,000 మీద ఏడాదికి 3,700 లోపే పడుతుంది. నెలకు మూడొందల చిల్లర. పేస్లిప్పులో డిజెబిలిటీ, ఫ్యామిలీ లీవ్ అని ఇంకొంచెం కోస్తారు. కానీ బిడ్డ పుడితే జీతంలో కొంత భాగం ఇస్తూ 12 వారాలు సెలవు వచ్చేది దాంట్లోంచే. టెక్సస్‌లో ఆ స్కీమే లేదు. ఇక్కడ బట్టల మీద సేల్స్ ట్యాక్స్ కూడా లేదు. మీ టెక్సస్‌లో 8.25 శాతం.

ఫ్రిస్కో వాసి: బట్టల మీద మిగిల్చి ప్రాపర్టీ ట్యాక్స్ కడతారా? దేశంలోకెల్లా ఎక్కువ మీదే కదా.

ఎడిసన్ పాతకాపు: మళ్లీ ప్రాపర్టీ ట్యాక్స్! ఆయన కట్టడు కదండీ.

ఇర్వింగ్ నుంచి: పెద్దలిద్దరూ ఆగండి. అద్దెకుండేవాళ్లకి పనికొచ్చేది నేను చెప్తాను. వచ్చిన కొత్తల్లో ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్నాం, పేరు వద్దులెండి. రాతపూర్వకంగా నోటీసిచ్చి, కొత్త అడ్రస్ ఈమెయిల్లో పంపి, ఊడ్చి తుడిచి ఖాళీ చేశాం. డిపాజిట్ తిరిగివ్వడానికి వాళ్లకి 30 రోజులు గడువు. గడువు పోయింది, చెక్కు లేదు. ఫోన్ చేస్తే మేనేజర్ మారారన్నారు. తర్వాత చెక్కుకి బదులు బిల్లొచ్చింది. కార్పెట్ మొత్తం మార్చారట, పెయింటు వేశారట, డిపాజిట్ పోగా ఇంకా మేమే బాకీ అట. ఆ కార్పెట్ మేం దిగేనాటికే మాసి ఉంది! మా ఆవిడ తెలివైంది. దిగేటప్పుడు మాకు తాళాలిచ్చిన రోజే గదిగదికీ వీడియో తీసి, చెక్‌లిస్టులో మరకలన్నీ రాసి, ఆఫీసు వాళ్ల సంతకం పెట్టించుకుంది. అవన్నీ జతచేసి సర్టిఫైడ్ మెయిల్లో ఉత్తరం పంపాం: దురుద్దేశంతో ఎగ్గొడితే ఎగ్గొట్టినదానికి మూడింతలు, ఆపైన 100 డాలర్లు ఇవ్వాలని టెక్సస్ చట్టం చెబుతోందని. ఉలుకూ పలుకూ లేదు. జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో కేసు వేశాం. 20,000 దాకా అక్కడే తేలుతుంది, లాయరు అక్కర్లేదు. విచారణ తేదీ రాకముందే డిపాజిట్ మొత్తం చెక్కు వచ్చింది. సారీ అన్న ముక్క మాత్రం లేదు.

ఎడిసన్ పాతకాపు: మా దగ్గర డిపాజిట్ నెలన్నర అద్దె దాటకూడదు, పైగా దాని మీద వడ్డీ ఇవ్వాలి. ఎగ్గొడితే కోర్టు రెట్టింపు ఇప్పిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, యజమాని తానుండే ఇంట్లోనే ఒకటి రెండు వాటాలు అద్దెకిస్తే ఇదంతా దానంతట వర్తించదు, మీరు రాసి అడగాలి. మనవాళ్లు ఎక్కువగా దిగేది అలాంటి ఇళ్లలోనే. టెక్సస్‌లో డిపాజిట్‌కి అసలు పరిమితే లేదు.

ఇర్వింగ్ నుంచి: నిజమే. కానీ మీ నెలన్నర అద్దె మా మూడు నెలల అద్దెండీ!

జర్నల్ స్క్వేర్ అక్క: బాబూ, ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఇక్కడ నీకు కారే అక్కర్లేదు. పాత్ ట్రైన్ ఉంది. నెవార్క్ అవెన్యూలో ఇండియా స్క్వేర్ ఉంది, మీ ఆవిడ నడిచి వెళ్లి కరివేపాకు తెచ్చుకోవచ్చు. పాపకి జెర్సీ సిటీలో మూడేళ్లకూ నాలుగేళ్లకూ ప్రీ-కె ఉచితం. డాలస్‌లో నువ్వు కారేసుకుని ఆఫీసుకి పోతే ఆ పిల్ల నాలుగ్గోడల మధ్య కూచోవాలి. డాలస్ శివారు ఫ్రిస్కోకి డార్ట్ (అక్కడి సిటీ బస్సు, రైలు సంస్థ) బస్సు కూడా లేదు. రెండో కారు, ఇద్దరికీ ఇన్సూరెన్సు, పెట్రోలు, టోల్ కలిపి లెక్కెయ్యి.

ఫ్రిస్కో వాసి: అక్కా, ఆ కార్ల ఖర్చంతా కలిపినా మీ నీళ్లొడ్డు టవర్ల అద్దెకి సరిపోదు. రెండు బెడ్‌రూమ్‌లు 4,000 పైమాటే కదా?

జర్నల్ స్క్వేర్ అక్క: నీళ్లొడ్డున ఎవరుండమన్నారు? లోపలికి వస్తే తగ్గుతుంది. మీలా ఇళ్లు పట్టుకుని కరెంటు లేక వణకలేదు మేము, 2021 ఫిబ్రవరిలో.

ఇర్వింగ్ నుంచి: పాపకి ఇంగ్లిషు రాకపోతే టెక్సస్‌లోనూ నాలుగేళ్లకి ప్రీ-కె ఉచితమే. టెస్టు పెడతారు, ముందే ఏబీసీడీలు రుద్దకండి. కరెంటు ప్లాన్ ‘పవర్ టు చూజ్’ సైట్‌లో ఎంచుకోవచ్చు. 1,000 యూనిట్లు దాటితే క్రెడిట్ అనే ప్లాన్ల జోలికి వెళ్లకండి. 990 దగ్గర ఆగితే మొత్తం రేటు నెత్తిన పడుతుంది.

నెవార్క్ నుంచి: ఇంతమంది రాశారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. బాబూ, మీ హెచ్‌-1బి పిటిషన్‌లో, ఎల్‌సీఏలో (పని చోటు, జీతం చెబుతూ కంపెనీ లేబర్ శాఖకిచ్చే పత్రం) ఏ ఊరు రాశారు? ఇర్వింగ్ అని ఉంటే వేరే మెట్రో ప్రాంతంలో పనిలో దిగేముందు కంపెనీ ఆ పిటిషన్‌కి అమెండ్‌మెంట్ (సవరణ) వెయ్యాలి. మేనేజర్ నోటిమాట పట్టుకుని అద్దె లీజు సంతకం పెట్టొద్దు.

కొత్తగా వస్తున్నవాడు: ఇప్పుడే చూశాను సార్, ఇర్వింగ్ అనే ఉంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడుతున్నాను. ఇండియా లైసెన్సుతో అక్కడ కారు నడపొచ్చా?

ఫ్రిస్కో వాసి: స్థిరపడిన 90 రోజుల దాకా నడపొచ్చు. ఈలోగా టెక్సస్ లైసెన్సు తీసుకోండి, ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు వరకే ఇస్తారు. ఇల్లు మాత్రం ఫ్రిస్కోలో చూడండి.

ఇర్వింగ్ నుంచి: ఇర్వింగ్‌లో ఆఫీసు పెట్టుకుని ఫ్రిస్కోలో ఇల్లా? రోజూ టోల్ మీరు కడతారా?