నాయిన, అవ్వ, అయ్య: నల్లగొండ, పాలమూరు పిలుపులు

"నాన్న" సరైన మాట, "నాయిన" పల్లెటూరి మోటు మాట అని ఒకరు రాశారు. మోటే అయితే నాయనమ్మ ఎక్కడిది? తండ్రిని నాన్న అని పిలిచే విజయవాడ పిల్లలు కూడా ఆయన్ను కన్న తల్లిని నాయనమ్మ అనే అంటారు, తొందరలో అది నానమ్మ అవుతుంది. కాకపోతే బడి పుస్తకం నాన్నను పట్టుకుంది, సినిమా, టీవీ దాన్నే మోశాయి. మిగిలినవన్నీ "యాస" ఖాతాలో పడ్డాయి.

ఇంకో సంగతి, నాయన ఒక్క తెలంగాణ సొత్తు కాదు. అలంపూర్ దగ్గర తుంగభద్ర దాటి కర్నూలు, కడప పోయినా నాయనే. అదే ఉత్తరానికి, సిద్దిపేట, కరీంనగర్ దిక్కు పోతే బాపు, బాపమ్మ వినిపిస్తాయి. అంటే తండ్రి పిలుపులో నల్లగొండ, పాలమూరు వాళ్లం కరీంనగర్ కంటే కర్నూలుకే దగ్గర.

నా లెక్క ప్రకారం నాయిన అన్న మాటను బట్టి ప్రాంతం తెలుస్తుంది కానీ అంతస్తు తెలియదు. ఊరి పటేల్ ఇంట్లోనూ నాయినే, కూలికి పోయే ఇంట్లోనూ నాయినే. తల్లి దగ్గరికి వచ్చేసరికి కులం బయటపడుతుంది. రెడ్ల, కరణాల ఇళ్లలో అమ్మ. బీసీ, దళిత ఇళ్లలో, ముఖ్యంగా పాత తరంలో, అవ్వ. "మా నాయిన కొనిచ్చిండు" అంటే క్లాసులో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, "మా అవ్వ" అంటే మాత్రం వెనక బెంచీ నుంచి నవ్వు వచ్చేది. అందుకే చాలామంది పిల్లలు ఇంట్లో అవ్వ, బడిలో అమ్మ అని రెండూ నేర్చుకున్నారు. తమాషా ఏమిటంటే, తల్లిని అమ్మ అనే ఇళ్లలో కూడా ఆడపిల్ల పుట్టింటికి పోతే "అవ్వగారింటికి పోయింది" అనడం ఉంది. ఒట్టు పెడితే అవ్వతోడు, ఉలిక్కిపడితే ఓ అవ్వో. తిట్ల సంగతి చెప్పక్కర్లేదు.

నది దాటితే ఈ మాట తరం మారిపోతుంది. కర్నూలులో అవ్వ అంటే తల్లి తల్లో, తండ్రి తల్లో. "మా అవ్వ నాట్లకు పోయింది" అని మన దిక్కు పిల్లవాడు చెబితే, ఆ వయసులో ముసలామెను పొలానికి పంపుతారా అని అక్కడివాళ్లు జాలిపడతారు. పడమటికి, మక్తల్ దాటి రాయచూరు పోతే కన్నడంలో అవ్వ అంటే మళ్లీ తల్లే. "అవ్వా కావాలె, బువ్వా కావాలె" అన్న సామెతను మన దిక్కు తల్లి కోసం, అన్నం కోసం ఒకేసారి ఏడ్చే పిల్లవాడిగా అర్థం చేసుకుంటాం. అవ్వ అంటే ముసలామె అనుకునేవాళ్లు ఏం అర్థం చేసుకుంటారో వాళ్లే చెప్పాలి.

అయ్య కథ వేరు. కన్నతండ్రి అయ్య, గడీలో దొర అయ్య, గుడిలో పూజారి అయ్యగారు. పొద్దున దొర ముందు "అయ్యా, నీ బాంచెన్" (నీ బానిసను) అన్న నోటితోనే సాయంత్రం ఇంట్లో తండ్రిని పిలవాలి. ఆ ఇళ్లలో తర్వాతి తరం అయ్యను వదిలి నాయినకు, అక్కడి నుంచి డాడీకి మారడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

కోదాడ మిత్రుడు: మా దగ్గర చిన్నప్పటి నుంచి నాన్నే. మేము నల్లగొండ జిల్లా కాదా?

జవాబు: ఎందుకు కాదు, 2016 దాకా అదే జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. మీ నాన్న కొంత సరిహద్దు మహిమ, కొంత కాలువ మహిమ. సాగర్ నీళ్లు 1967లో వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కృష్ణా, గుంటూరు రైతులు వచ్చి భూములు కొన్నారు. పక్కపక్క పొలాలు, ఒకే బడి. మాట కూడా కలిసింది. కాలువ ఎక్కని దేవరకొండ, మునుగోడు మెట్టలో ఇప్పటికీ నాయిన గట్టిగానే ఉంది.

దేవరకొండ తండా నుంచి: మా ఇంట్లో యాడి, బా. బడిలో అమ్మ, నాన్న. నాయిన, అవ్వ ఊళ్లోవాళ్ల మాటలు. మాకు మూడు జతలు.

మహబూబ్‌నగర్ నుంచి: మా పక్కింటి ముస్లిం పిల్లలు తండ్రిని "బావా" అంటారు. మా అత్త చుట్టపుచూపుగా వచ్చి, అంత చిన్న పిల్లకు అంత పెద్ద బావేందని అడిగింది!

వనపర్తి నుంచి: "మా నాయిన వచ్చిండు" అంటే ఆఫీసులో ఒకాయన, తండ్రిని ఏకవచనంలో అంటావా అన్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: "సారొచ్చిండు" అని చెప్పండి. మనం హెడ్మాస్టర్‌ను కూడా అట్లనే అంటాం, అందులో భయమూ ఉంది, గౌరవమూ ఉంది. "నాన్నగారు వచ్చారు" అనే ఇళ్లలో మర్యాదను క్రియ చివర కూడా చూపిస్తారు. మన దగ్గర మనిషి పేరులో, గొంతులో చూపిస్తాం. అయినా "అమ్మ వచ్చారు" అని ఆయన ఇంట్లో మాత్రం ఎందరంటారు?

ఇక మమ్మీ, డాడీ. ఒకప్పుడు కాన్వెంటు ఇళ్ల గుర్తు. ఇప్పుడు ఆటో నడిపే ఇంట్లో పిల్లలు డాడీ అంటున్నారు, హైదరాబాద్‌లో స్థిరపడిన డాక్టర్ల పిల్లలు "అమ్మ, నాన్న" అని శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. అవ్వ దగ్గరికి మాత్రం ఎవరూ వెనక్కి రావట్లేదు.

ఉమ్మడి కుటుంబాల్లో చిన్నాయనలను చూసి తండ్రిని అన్న అని, తల్లిని వదిన అని పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఊరు, మండలం పేరుతో రాయండి. పెద్ద కొడుకు ఒక మాట, చిన్న కొడుకు ఒక మాట పిలిస్తే అదీ చెప్పండి.