నెట్‌వేర్ నుంచి టీసీపీ/ఐపీకి మారిన రోజుల్లో పనిచేసినవాళ్లు చెప్పగలరా?

నమస్కారమండీ. డిగ్రీ పిల్లలకు నెట్‌వర్కింగ్ చెబుతాను. 1990లలో ఆఫీసు నెట్‌వర్కులను ఏలిన నోవెల్ కంపెనీ సర్వర్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్ ఎందుకు వెనకబడిందో వాళ్లకు సరిగ్గా చెప్పాలి. "ఇంటర్నెట్ వచ్చింది, అది పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకిష్టం లేదు.

ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడంలో నెట్‌వేర్‌కు అప్పట్లో తిరుగులేదు. కానీ అది నడిచింది నోవెల్ సొంత ఐపీఎక్స్ ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలు) మీద. ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీ నియమాలేమో ఆర్‌ఎఫ్‌సీలనే బహిరంగ పత్రాల్లో ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా కోడ్ రాసుకోవచ్చు. నెట్‌వేర్ మొదట ఐపీఎక్స్ ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఐపీ ప్యాకెట్ లోపల చుట్టి పంపింది. ఫైల్ సేవలు నేరుగా ఐపీ మీద నడిచింది 1998లో వచ్చిన 5వ వెర్షన్‌తోనే. అప్పటికే ఆలస్యమైందని నా అభిప్రాయం.

ఆ మార్పు చేతులతో చేసినవాళ్లు కావాలి నాకు. విండోస్ 95 మెషీన్లలో రెండు ప్రోటోకాల్సూ పక్కపక్కనే నడిపారా? నెట్‌వేర్ 3.11లో 802.3, 3.12లో 802.2 డిఫాల్ట్ కదా, ఫ్రేమ్ టైప్ (ప్యాకెట్‌ను వైరు మీద చుట్టి పంపే పద్ధతి) కలవక సర్వర్ కనబడకపోతే ఎలా కనిపెట్టేవారు? మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ సర్వర్ వద్దనుకుని లైనక్స్ మీద సాంబా (విండోస్ మెషీన్లకు ఫైళ్లు పంచే ఉచిత ప్రోగ్రామ్) పెట్టినవాళ్లున్నారా? 1991-92లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ వైరు మీద ప్యాకెట్లు గమనిస్తూ మొదలుపెట్టిన ఈ సాంబాను నమ్మి ఆఫీసు ఫైళ్లు అప్పగించడానికి మేనేజ్‌మెంట్‌ను ఎలా ఒప్పించారు? లైసెన్సు ఖర్చు చూపించా, ఇంకేదైనా చెప్పా?

పాత కాన్ఫిగ్ ఫైళ్లు, నోట్సు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంచుకోండి. క్లాసులో చూపించడానికి చాలా ఉపయోగపడతాయి.