టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, అయినా లింక్ 100కి పడిపోతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. స్విచ్ నుంచి పీసీకి గోడలోంచి క్యాట్ 5ఈ కేబుల్ వెళ్తోంది, పొడవు 35 మీటర్లు ఉంటుంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే, కానీ లింక్ కాసేపు 1000 ఎంబీపీఎస్ చూపించి 100కి పడిపోతుంది. పింగ్ బాగానే వెళ్తోంది, పెద్ద ఫైల్ కాపీ పెడితే మాత్రం నత్తనడక, స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతూనే ఉన్నాయి. కేబుల్ టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలిగాయి. పోర్టు మార్చాను, డ్రైవర్ కూడా మళ్లీ వేశాను. ఇంకేం చూడాలి?

జవాబు 1:
డ్రైవర్‌ని వదిలేయండి. సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతున్నాయంటే ఫ్రేములు, అంటే డేటా ముక్కలు, దారిలోనే పాడవుతున్నాయి. ఏదో ఒక వైపు 100 ఫుల్ (పంపడం, అందుకోవడం ఒకేసారి) అని ఫిక్స్ చేసి ఉందేమో చూడండి, అలా ఉంటే ఆటోలో (సెట్టింగ్ తనే ఎంచుకునేలా) ఉన్న రెండో వైపు హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారికి ఒకటే) దిగిపోతుంది, అక్కడ లేట్ కొలిజన్లు, అంటే ఆలస్యంగా ఫ్రేములు ఢీకొన్న లెక్క, కనిపిస్తాయి. అది కాకపోతే గోడ కేబుల్ బదులు వేరే కేబుల్ నేల మీద పరిచి చూడండి, కనెక్టర్‌లో రంగుల వరస కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ ఆటోలోనే ఉన్నాయి, లేట్ కొలిజన్లు సున్నా. వేరే కేబుల్‌తో 1000 నిలబడింది, ఎర్రర్లు లేవు. గోడ కేబుల్‌కి రెండు చివరలా ఒకటే వరస: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల నీలం, నీలం, తెల్ల గోధుమ, గోధుమ.

జవాబు 2:
దొరికింది, ఇది స్ప్లిట్ పెయిర్, అంటే కలిసి మెలిపడి ఉండాల్సిన జత తీగలు వేర్వేరు జతల పిన్నుల్లోకి విడిపోయాయి. లైట్ల టెస్టర్ ఈ పిన్ను నుంచి ఆ పిన్నుకి కరెంటు పోతోందా లేదా అన్నదే చూస్తుంది, ఏ తీగ దేనితో మెలిపడి ఉందో దానికి తెలియదు. 3, 6 పిన్నుల్లో ఒకే జత తీగలు ఉండాలి, మీ దాంట్లో 3లో తెల్ల ఆకుపచ్చ, 6లో నీలం ఉన్నాయి. 4, 5 కూడా అంతే. మెలి ఉంటే బయటి నాయిస్ రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడి రద్దవుతుంది, జత విడిపోయాక పక్క జత సిగ్నల్ లోపలికి దూరుతుంది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100కి 1-2, 3-6 చాలు గానీ మీకు చెడింది ఆ 3-6 కూడా, అందుకే 100కి దిగాక కూడా ఎర్రర్లు ఆగడం లేదు.

రెండు చివరలూ కోసేసి టీ568బీ అనే ప్రామాణిక రంగుల వరసలో కొత్త కనెక్టర్లు క్రింప్ చేయండి (నొక్కి బిగించండి): తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. మెలి విప్పేది 13 మి.మీ. దాటనివ్వకండి, చాలామంది తేలికగా తీసుకునేది ఇక్కడే.

జవాబు 3:
గోడలో వేసేది మామూలుగా సాలిడ్ (ఒకే గట్టి రాగి పోగు ఉన్న) తీగ, కనెక్టర్ కూడా దానికి సరిపడేదే తీసుకోండి. క్రింప్ అయ్యాక స్విచ్‌లో ఎర్రర్ కౌంటర్లు క్లియర్ చేసి అదే పెద్ద ఫైల్ కాపీ పెట్టండి, లేకపోతే పాత ఎర్రర్లు చూసి మళ్లీ టెన్షన్ పడతారు.