అరపూట వర్క్‌షాపులో ఇక్కత్ 'నేర్చుకున్నాను' అనవచ్చునా?

ఆదివారం_తీరిక
గత ఆదివారం హైదరాబాదులో ఒక స్టూడియో వారు ఉదయం 9:30 నుంచి ఒంటిగంట వరకు నిర్వహించిన ఇక్కత్ (నూలుపోగులకు ముందే కట్లు కట్టి రంగులు వేసి, తరువాత నేసే పద్ధతి) వర్క్‌షాపుకు వెళ్లి వచ్చాను. మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. మొత్తం 14 మందిమి ఉన్నాము. చట్రానికి బిగించి ఉంచిన నూలుపోగుల మీద గీతలు గీయించి, సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పీలికలతో చిటికి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగువైన కట్లు, కట్టించి, ఒక నీలిరంగులో ముంచారు. అది ఆరేలోపు టీ ఇచ్చి, పక్కనున్న మగ్గం మీద ఒక్కొక్కరి చేత అంగుళం మేర నేయించారు. చివర అందరికీ ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికి వచ్చి 'ఇక్కత్ నేర్చుకున్నాను' అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడితే, మా బావగారు 'అరపూటలో ఈత కూడా రాదు' అని ఒక్క మాటతో తేల్చేశారు. మా అపార్టుమెంటు ఆడవాళ్లు ఇటువంటిదే ఇక్కడ ఏర్పాటు చేయమని అడుగుతున్నారు. ఇది నేర్చుకోవడం కిందికి వస్తుందా, కాలక్షేపం కిందికి వస్తుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పడుగుపేక
మీ సంతోషాన్ని చెడగొట్టాలని కాదు గాని, మీరు వెళ్లేసరికే పనిలో సగానికి పైగా అయిపోయి ఉందమ్మా. నూలు తెచ్చి, ఆసు పోసి (మేకుల చుట్టూ దారం తిప్పి పోగులను వరుస చేసి), గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, ఏ గడిలో ఏ రంగు నిలవాలో నిర్ణయించి, గుర్తులకు అనువుగా చట్రానికి బిగించి మీ ముందు పెట్టారు. తెలుపు నిలవవలసిన చోట కట్టి లేత రంగులో ముంచడం, ఆ లేత రంగు నిలవవలసిన చోట మళ్లీ కట్టి ముదురు రంగులో ముంచడం, ఇలా రంగు రంగుకూ కొత్త కట్లు కట్టుకుంటూ పోవడమే చిటికి పనికి ప్రాణం. ఒకే రంగులో ముంచి ఆరబెట్టినప్పుడు ఆ ప్రాణం మీకు కనబడే అవకాశమే లేదు. పాత పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) కొసలకు కొత్త పడుగు పోగులను వేల సంఖ్యలో ఒక్కొక్కటిగా మెలిపెట్టి అచ్చు అతకడం గురించి మీకు చెప్పి కూడా ఉండరు.

ఇక కాలం సంగతి. చేతితో ఒక చీరకు ఆసు పోయడానికే నాలుగైదు గంటలు పట్టేది. వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. తల్లి భుజాల నొప్పి చూసి ఓర్వలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేసి దానికి ఆమె పేరే పెట్టారు. అందుకే అది లక్ష్మీ ఆసు యంత్రం అయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. మీ వర్క్‌షాపు మొత్తానికి పట్టిన సమయం ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక చీర ఆసుకు కూడా చాలేది కాదు.

జాకెట్టు_రాణి
మగ్గం నేర్పే వర్క్‌షాపు అయితే చిరునామా ఇవ్వగలరా? పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ నేర్చుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పడుగుపేక
జాకెట్టు గుడ్డను చట్రానికి బిగించి సూదితో పూసలూ జరీ కుట్టే పనికి 'మగ్గం వర్క్' అన్న పేరు ఎవరు తగిలించారో గాని, దానికీ మగ్గానికీ సంబంధం లేదు. అది కుట్టు, ఇది నేత. ఇప్పుడు 'మగ్గం' అని వెతికితే జాకెట్ల బొమ్మలే వస్తున్నాయి, నేతగాడి మగ్గం నాలుగో పేజీలో కనబడుతోంది. మాటను అంత తేలికగా వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇదే ఉదాహరణ; 'నేర్చుకున్నాను' అన్న మాటకూ ఇదే గతి పట్టకూడదన్నదే నా బాధ.

గోదారి_లేసు
అన్ని దారపు పనులనూ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. మాది నర్సాపురం ప్రాంతం. మా అమ్మమ్మ, ఆమె ఇద్దరు చెల్లెళ్లు అరుగు మీద కూర్చుని లేసు అల్లినవారే. నూలు లెక్కన కూలి ఇచ్చేవారు, ఆ కూలి ఎంతో చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేవారు. ఆ అల్లికకు కావలసింది ఒక సూది, ఒక దారపు ఉండ. గొలుసు కుట్టు, దాని మీద రెండు మూడు రకాల కుట్లు అరపూటలో చేతికి వస్తాయి. తరువాత ఇంట్లో కూర్చుని, తప్పితే విప్పుకుని మళ్లీ అల్లుకోవచ్చు. చీర కొంగుకు కుచ్చులు వేయడం కూడా అటువంటిదే. మగ్గం అలా కాదు, దానికి కాళ్లు పెట్టుకునే గుంత కావాలి, పడుగు కావాలి, పక్కన దారం కండెలు చుట్టి ఇచ్చే మనిషి కావాలి. మర్నాడు ఇంట్లో సాధన చేయగలిగితే అరపూట చదువు చదువే. చేయలేకపోతే అది తిరునాళ్లకు వెళ్లి వచ్చినట్టు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాని మా వీధిలో కొత్తగా నేర్చుకునే పిల్లలు లేరు. అరపూటకైనా వచ్చేవారుంటే నేను వద్దనను.

చేప_దవడ
పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. అరపూటలో ఆ దవడను ఎటువైపు పట్టుకోవాలో తెలుస్తుంది, అంతే.

పడుగుపేక
లేసు గురించి నేను మాట్లాడలేదు. నా అభ్యంతరం ఆ సర్టిఫికెట్ మీద. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమాకు మూడేళ్లు చదవాలి. మూడేళ్లు చదివినవారికీ కాగితమే, మూడున్నర గంటలు కూర్చున్నవారికీ కాగితమే. మీ కాగితం మీద సరిగ్గా ఏమని రాసి ఉందో ఇక్కడ పెట్టండి.

ఆదివారం_తీరిక
'ఇక్కత్ నేతలో శిక్షణ పొందినారు' అని ఉంది. దాన్ని పట్టుకుని నేను ఉద్యోగానికి వెళ్లడం లేదండీ, ఫ్రిజ్ మీద అంటించాను. మా అమ్మాయి దాని పక్కనే తన డ్రాయింగు అంటించింది. ఒక కాగితానికి మీరు ఇంత బాధపడటం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

వ్యుత్పత్తి
అసలు ఇక్కత్ అన్నదే మన మాట కాదని గుర్తుచేస్తున్నాను. మలయ్ భాషలో కట్టడానికి, ముడికి వాడే మాట అది. మనవారు చిటికి అన్నారు. మాటల పవిత్రత గురించి ఇంత పట్టుదల ఉన్న పడుగుపేక గారు ఈ శీర్షికనే ముందు ఖండించి ఉండవలసింది.

పడుగుపేక
నేను రాసిన మొదటి జవాబులోనే చిటికి అన్నాను, చూసుకోండి.

నేత_నిర్వాహకుడు
ఇటువంటి వర్క్‌షాపులు నడిపేవాళ్లలో నేనూ ఒకణ్ణి కనుక రెండు మాటలు చెప్పుకుంటాను. మేము నేతగాళ్లను తయారు చేస్తామని ఎన్నడూ అనలేదు. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అసలు చిటికి చీరకు, 900 రూపాయలకు దొరికే, బొమ్మ అచ్చు వేసిన చీరకు తేడా తెలియకుండా వస్తారు. ఇరవై ముడులు తమ చేత్తో కట్టి, వేళ్లు నొప్పి పుట్టాక, పువ్వు అంచులో రంగు ఎందుకు చెదిరినట్టు ఉంటుందో, రెండువైపులా బొమ్మ ఒకేలా ఎందుకు కనబడుతుందో వారికి విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ తరువాత చీర 12,000 అంటే బేరం ఆడేవారిని నేను చాలా తక్కువగా చూశాను. మంచి కొనుగోలుదారును తయారు చేయడం కూడా చేనేతకు సేవే. సర్టిఫికెట్ లేకపోతే ఫొటో దిగడానికి ఏమీ లేదని వారే అడుగుతారు. అందులోని మాట మార్చుకోవలసిందేనని ఒప్పుకుంటాను.

పడుగుపేక
సేవ అన్నారు కాబట్టి చెబుతున్నాను. నిరుడు నగరంలో ఒకరు మా నాన్నను ఇటువంటి వర్క్‌షాపుకే పిలిచారు. చట్రాన్ని బస్సు టాపు మీద వేసుకుని వెళ్లి, పొద్దున ఏడుకు చేరుకుని, ముందురోజు రాత్రంతా కూర్చుని కట్టిన నమూనాలు ఇచ్చి, మధ్యాహ్నం దాకా నిలబడి నేర్పి వచ్చారు. చేతికి 700 రూపాయలు ఇచ్చారు. అక్కడ పదహారు మంది ఉన్నారట, ఒక్కొక్కరు ఎంత కట్టారో ఆయన అడగలేదు. మైకు పట్టుకుని మాట్లాడినావిడ ఆయనను 'మన ఆర్టిజాన్' అని పరిచయం చేసిందట; నలభై రెండేళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషికి ఒక పేరు ఉంటుందని ఎవరికీ తోచలేదు. పదహారు మందికీ పేర్లతో సర్టిఫికెట్లు ఇచ్చారు. ఇప్పుడు అడగండి, ఒక కాగితానికి ఎందుకు బాధపడతావని.

ఆదివారం_తీరిక
ఈ మాట మీరు మొదటే చెప్పి ఉంటే మనం సర్టిఫికెట్ గురించి ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మాకు నేర్పిన పెద్దాయనను అందరం 'మాస్టారు' అన్నాము. ఆయన పేరేమిటో నాకూ తెలియదు. పొద్దుటి నుంచి అది తలలో తిరుగుతోంది. అయినా ఆ తప్పు వర్క్‌షాపు పెట్టినవారిది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను ఎగతాళి చేయడం వల్ల మీ నాన్నగారి కూలి పెరగదు.

నేత_నిర్వాహకుడు
అందరినీ ఒకే కర్రతో కొట్టవద్దని మనవి. మేము అద్దె, నూలు, రంగులు పోగా మిగిలినదాంట్లో సగం నేర్పినవారికే ఇస్తాము, పోస్టరు మీద పేరు కూడా వేస్తాము.

పడుగుపేక
మిగిలినదాంట్లో సగం. అంటే ఏమీ మిగలకపోతే సున్నాలో సగం. ముందు ఆయన కూలి తీసి పక్కన పెట్టి, తరువాత అద్దె లెక్క వేసుకోలేరా? విద్య మాది, వంశపారంపర్యంగా వచ్చింది, చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసి చేసి నేర్చుకున్నది. దాన్ని అరపూట ముక్కలుగా కోసి అమ్ముకునే హక్కు ఎవరిచ్చారు? నేర్చుకోవాలంటే నేతగాడి ఇంట్లో పుట్టాలి, లేదా ఏళ్ల తరబడి ఆ ఇంటి గడపలో కూర్చోవాలి. మూడో దారి లేదు.

ఆసుపిల్ల
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను గాని, ఈ చివరి మాట చూశాక ఊరుకోలేకపోతున్నాను. అన్నా, నేను నేతగాడి ఇంట్లోనే పుట్టాను. మీ ఊరికి దూరం కూడా కాదు. ఏడో ఏట కండెలు చుట్టాను, పదకొండో ఏట ఆసు ముందు కూర్చున్నాను, పెళ్లయ్యేదాకా లేవలేదు. మీరు చెప్పిన ఆ 9,000 లెక్క నా కుడి భుజానికి తెలుసు. గ్రాఫు కాగితం మీద డిజైన్ గీయడం, చట్రం మీద గుర్తులు పెట్టడం నాన్న, అన్నలు చేసేవారు. ఒకసారి పెన్సిలు తీసుకుని ఒక ఏనుగు బొమ్మకు గళ్లు లెక్కపెట్టబోతే, ఆడపిల్లకు డిజైన్ నేర్పితే అది అత్తవారింటికి పోతుందని నాన్న కాగితం లాక్కున్నారు. కోపంతో కాదు, మామూలుగానే అన్నారు. అత్తవారింట్లోనూ నాకు ఇచ్చింది ఆసే.

నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక, నా భర్త ఉద్యోగం వల్ల నగరానికి వచ్చాక, 1,500 రూపాయలు కట్టి ఒక అరపూట వర్క్‌షాపులో కూర్చున్నాను. గ్రాఫు మీద ఒక గడి పేకలో (అడ్డపోగుల్లో) ఎన్ని పోగులవుతుందో, చట్రం మీద ఎంత వెడల్పవుతుందో నాకు మొదటిసారి చెప్పింది అక్కడే. పక్కన కూర్చున్న కాలేజీ పిల్లకు ఎంత కొత్తో నాకూ అంతే కొత్త. ఇంట్లో పుట్టి ముప్పై ఏళ్లు ఉన్నా రానిది ఆ గదిలో మూడు గంటల్లో మొదలైంది. 2019–20 చేనేత గణన ప్రకారం ఈ రంగంలో పది మందిలో ఏడుగురు ఆడవాళ్లే. ఆ ఏడుగురిలో ఎంతమంది చేతికి పెన్సిలు ఇచ్చారో ఏ గణనా అడగలేదు. నేను సర్టిఫికెట్ తీసుకున్నాను, దాచుకున్నాను కూడా.

పడుగుపేక
మీ ఇంటి సంగతిని ఊరంతటికీ అంటగట్టకండి. మా వీధిలో చిటికి కట్టేది ఎక్కువగా ఆడవాళ్లే.

ఆసుపిల్ల
కట్టేది వారే. ఎక్కడ కట్టాలో గీసేది ఎవరు?

గోదారి_లేసు
ఇది నేను ఎదురుచూడని మలుపు. మా అమ్మమ్మకు నమూనా ఇచ్చేది కూడా ఎప్పుడూ షావుకారే.

పడుగుపేక
ఒకరోజు ఆగి రాస్తున్నాను. మా ఇంట్లో గ్రాఫు నాన్నది, తరువాత నాది. నేను ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను, అది వాడటం లేదు. ఆసు మా అక్కది. గ్రాఫు గీయడం తెలుసా అని అక్కను ఫోనులో అడిగితే, నాకెవరు చెప్పారు గనక అన్నది. అయినప్పటికీ అరపూటలో ఎవరికీ ఈ విద్య రాదన్న మాటకు నేను కట్టుబడే ఉన్నాను. మీకు వచ్చిందంటే, అంతకు ముందు ముప్పై ఏళ్లు దారం మీ చేతుల్లో ఉంది కనుక వచ్చింది.

ఆసుపిల్ల
పూర్తిగా వచ్చిందని నేను అనలేదు. మూడు రంగుల డిజైన్ గీస్తే రెండో రంగు దగ్గర లెక్క తప్పుతోంది, పడుగులోనూ పేకలోనూ బొమ్మ కలవవలసిన డబుల్ ఇక్కత్ జోలికి పోనేలేదు. నాకు కావలసింది ఇంకో అరపూట కాదు, ఆరు ఆదివారాలు. మీ నాన్నగారు నేర్పుతారా? రుసుము ఎంతో ఆయననే చెప్పమనండి, చట్రం ఆయన మోసుకురానక్కరలేదు, నేనే మీ ఊరు వస్తాను.

ఆదివారం_తీరిక
వారు ఒప్పుకుంటే నన్ను కూడా చేర్చుకోమని అడగండి. సర్టిఫికెట్ అక్కరలేదు.

పడుగుపేక
నిన్న రాత్రి నాన్నను అడిగాను. డబ్బు గురించి ఆయన ఏమీ అనలేదు. 'ఆ పిల్ల ఎవరింటి పిల్ల?' అని అడిగారు. మీరు ఇక్కడ చెప్పలేదు కనుక నాకు తెలియదన్నాను. కాసేపు ఊరుకుని, గ్రాఫు పుస్తకాలు అటక మీద ఏ పెట్టెలో ఉన్నాయో చూడమన్నారు.