అప్‌డేట్: జైలు నుంచి వచ్చిన మా తమ్ముడికి చికిత్స దొరికింది

మా తమ్ముడు జైలు నుంచి విడుదలయ్యాక ఓపియాయిడ్ (హెరాయిన్ లాంటి మత్తుమందుల) వ్యసనానికి, డిప్రెషన్‌కి వాడే మందులు ఆగకుండా ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా ఒకటే: విడుదలకు ముందే జైలు డాక్టరు చేత మందుల చీటీ, చికిత్స వివరాలు రాయించుకోమన్నది. ఆ కాగితం చూసి గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ సెంటర్‌వాళ్లు బ్యుప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి వాడే మందు) మధ్యలో తెగకుండా కొనసాగించారు. మానసిక వైద్యం, వ్యసన చికిత్స రెండూ ఒకే చోట. ఫీజు అడగలేదు. విడుదల రోజు సెంటర్ కేస్ మేనేజర్ (చికిత్స, ఇతర సాయం దగ్గరుండి చూసే ఆమె) జైలు గేటు దగ్గరికే వచ్చింది. ఆమెతోపాటు, ఒకప్పుడు జైల్లో ఉండి కోలుకున్న ఒకాయన కూడా వచ్చారు. మా తమ్ముడు నోరు విప్పింది ఆయన దగ్గరే.

డాక్టరు మరీ మరీ చెప్పిన సంగతి: జైల్లో మత్తుమందు వాడకం ఆగితే శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది, బయటికొచ్చాక పాత మోతాదే ప్రాణం తీయొచ్చు, మొదటి 2 వారాలు మరీ ప్రమాదం. నలోక్సోన్ స్ప్రే (ఓపియాయిడ్ మోతాదు ఎక్కువైతే ప్రాణం కాపాడే మందు) ఇచ్చి, ముక్కులో ఎలా కొట్టాలో మా అమ్మ చేత చేయించి మరీ చూశారు. దయచేసి ఇది ఇంట్లో ఉంచుకోండి.

ముందు డీటాక్స్ (ఒంట్లోంచి మత్తుమందు పూర్తిగా పోగొట్టడం) చేయించాలా అని జవాబుల్లో నడిచిన చర్చంతా మా విషయంలో అక్కర్లేకపోయింది, వాడు అప్పటికే బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్నాడు కాబట్టి. చేర్చుకోవడానికి సెంటర్‌వాళ్లు కోర్టు ఉత్తర్వూ అడగలేదు. గ్రాంటు గడువు ముగిసిపోతే ఎలాగని అడిగితే, ఇప్పుడే ఆరోగ్య బీమాకి దరఖాస్తు పెట్టించారు.