వెజ్ ఫ్రైడ్ రైస్ తిన్న అరగంటకి దద్దుర్లు: టేస్టింగ్ సాల్ట్ ఎలర్జీయేనా?

ఉక్కునగరం:
మా చెల్లికి 24 ఏళ్లు. బీచ్ రోడ్డులో బండి మీద వెజ్ ఫ్రైడ్ రైస్ తిన్న అరగంటలోపే ఒళ్లంతా దద్దుర్లు, పై పెదవి వాపు. ఇది రెండోసారి, మొదటిసారి నూడుల్స్. ఆయాసం రాలేదు. సిట్రిజిన్ వేశాక తగ్గింది. అందరూ "అజినమోటో పడలేదు" అంటున్నారు. దీనికి టెస్టు ఉందా? ఇంట్లో కొంచెం పెట్టి చూడొచ్చా?

లాబ్‌కోటు:
ఇంట్లో పెట్టి చూడకండి. పెదవి వాచిన మనిషి మీద ఆ ప్రయోగం ఆసుపత్రిలోనే జరగాలి.

టేస్టింగ్ సాల్టుకి అంటగట్టే లక్షణాలు వేరు: తలనొప్పి, మెడ వెనక మంట, ముఖం ఎర్రబడటం, గుండె దడ. 1968లో అమెరికాలో ఒక డాక్టరు వైద్య పత్రికకి రాసిన ఉత్తరంతో దానికి ఆ చెడ్డపేరు పడింది. ఏది ఇస్తున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో, తిండి లేకుండా 3 గ్రాములో అంతకన్నా ఎక్కువో ఇస్తే కొందరికి ఇలాంటివి వచ్చాయి. వాళ్లకే మళ్లీ ఇస్తే చాలామందికి రాలేదు. టేస్టింగ్ సాల్టులో ఉండేది గ్లుటామేట్, టమాటాలో సహజంగా ఉండేదీ అదే. రొయ్యకో వేరుశనగకో ఉన్నట్టు దీనికి చర్మం మీద గుచ్చి చూసే టెస్టు లేదు.

దద్దుర్లు, పెదవి వాపు అంటే ముందు అనుమానించాల్సింది ప్రొటీన్‌ని. ఇంట్లో చపాతీ, మీల్‌మేకర్, పల్లీలు, గుడ్డు, రొయ్యలు తింటుందా? ఆ రెండు రోజుల్లో నొప్పి మాత్ర ఏమైనా వేసుకుందా? తిన్నాక గబగబా నడిచిందా? కొందరికి గోధుమ తిని శ్రమపడితేనే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

కళాయి_గరిటె:
బండి దగ్గర కళాయి ఒక్కటే అండీ. రొయ్యల ఫ్రైడ్ రైస్ దించి, గ్లాసుడు నీళ్లు కొట్టి, కుంచెతో ఒక తిప్పు తిప్పి, అందులోనే వెజ్ మొదలుపెడతారు. గరిటె మెడ దగ్గర అంటుకున్న మెతుకులు అలాగే ఉంటాయి. మంచూరియా వేయించే నూనెలో అంతకుముందు రొయ్యలు వేగి ఉంటాయి. మంట ఎంత పెద్దదైనా లాభం లేదు, రొయ్య ప్రొటీన్ వేడికి చావదు.

ఉక్కునగరం:
మాది శాకాహారం, రొయ్య ఎప్పుడూ తినలేదు. గుడ్డు కూడా ముట్టదు. చపాతీ, మీల్‌మేకర్, పల్లీలు మామూలుగా తింటుంది. మాత్రలు లేవు, కూర్చునే ఉంది. దుమ్ము పడదు, పొద్దున్నే తుమ్ములు.

లాబ్‌కోటు:
ఆ తుమ్ముల సంగతి చాలా ముఖ్యం. పరుపు దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. రొయ్యలోదీ దాదాపు అదే. అందుకే రొయ్య ఎన్నడూ తినని వాళ్లకీ దాని మీద ఎలర్జీ రావచ్చు. తేలేదాకా ఇది అనుమానమే. గుడ్డునీ వదిలేయకండి, అదీ ఆ కళాయిలోనే పడుతుంది.

ఎలర్జీ డాక్టర్ దగ్గర రొయ్య, గుడ్డు, దుమ్ము పురుగు, గోధుమ, సోయాకి పరీక్ష అడగండి. చర్మం మీద గుచ్చి చేసేదైతే సిట్రిజిన్ దాదాపు వారం ముందే ఆపాలి, లేకపోతే ఎలర్జీ ఉన్నా బొబ్బ లేవదు. రక్తంలో ఐజీఈ (ఎలర్జీ తెప్పించే యాంటీబాడీ) చూసేదానికి ఆపక్కర్లేదు. వందల పదార్థాలకి ఐజీజీ అనే వేరే యాంటీబాడీ చూస్తామనే ప్యాకేజీలకి డబ్బు తగలేయకండి. ఐజీజీ ఉందంటే ఆ తిండి ఒంటికి పరిచయం అనే అర్థం.

ఈలోగా గొంతు పట్టేసినా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులైనా 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. అప్పుడు పనిచేసేది తొడ కండలో ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజిన్ దురదకే.

కళాయి_గరిటె:
పరీక్షలు అయ్యేదాకా "టేస్టింగ్ సాల్ట్ వేయకండి" అని చెప్పి అదే బండి దగ్గర తినిపించకండి. మాంసం, గుడ్డు, రొయ్య వండని వంటగదిలోదే తినాలి. సాస్ సీసా మీద "ఆయిస్టర్" అని ఉంటే అందులోనూ గుల్ల ఉన్నట్టే, దానికీ అదే జాగ్రత్త.