కొత్త డిగ్రీ కోర్సు ప్రతిపాదించమన్నారు, ఏది పెట్టాలి? (ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఆంధ్రప్రదేశ్)

కమిటీలో_ఇరుక్కున్నా
నమస్కారం. చిన్న టౌన్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. వచ్చే ఏడాదికి కొత్త ప్రోగ్రాములు ప్రతిపాదించే కమిటీలో నన్ను వేశారు. కారణం నా ప్రతిభ కాదు, పాత కమిటీలో ముగ్గురూ ట్రాన్స్‌ఫర్ అయిపోయారు. ఇప్పుడు మా దగ్గర బీఏ, బీకాం సీఏ (కంప్యూటర్ అప్లికేషన్స్), బీఎస్సీలో కెమిస్ట్రీ, జువాలజీ, కంప్యూటర్ సైన్స్ నడుస్తున్నాయి. నా ప్రశ్నలు మూడు. డేటా సైన్స్ పెట్టాలా, ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల పెంపకం) పెట్టాలా? ఇంటర్ కాలేజీల్లో డిమాండ్ సర్వే మీరు ఎలా చేశారు? మూడేళ్ల డిగ్రీ అయ్యాక చదివే నాలుగో ఏడాది ఆనర్స్‌కి టైంటేబుల్ ఎలా సర్దుతున్నారు? సోమవారం లోపు ఫైల్ పెట్టాలి.

ఫిజిక్స్_ఒంటరి
ఏది పెట్టినా ముందు ఉన్నవాటిని చంపకండి సార్. ఎంపీసీ ఉన్నప్పుడు క్లాసులో యాభై మంది పిల్లలు. ముగ్గురం లెక్చరర్లం పంచుకునేవాళ్లం, ముగ్గురికీ పని ఉండేది. 2023లో సింగిల్ మేజర్ వచ్చింది, అంటే మూడు సబ్జెక్టులు సమానంగా కాకుండా ఒక్కటే ప్రధానం. కంప్యూటర్ సైన్స్‌కి గది చాల్లేదు, ఫిజిక్స్ మేజర్‌కి నలుగురు వచ్చారు. అందులో ఒకడు ఆప్షన్ తప్పు నొక్కి వచ్చానని మొదటిరోజే చెప్పాడు. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపిన ఆ ఉమ్మడి పేపర్లు చెప్పి ఏడాది గడిపాను. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.

సర్వే_బాధితుడు
సర్వే గురించి నన్ను అడగండి. చుట్టుపక్కల ఇంటర్ కాలేజీలు తిరిగి మూడొందల ఫారాలు నింపించాం. సగానికి పైగా డేటా సైన్స్ అని టిక్కు పెట్టారు. సంబరపడి పెట్టేశాం. చేరింది తొమ్మిది మంది. ఫారం మీద టిక్కు పెట్టినవాళ్లంతా ఇంజనీరింగ్ సీటు దొరకగానే అటు వెళ్లిపోయారు. తప్పు మాదే, అడగాల్సింది 'మీకేం ఇష్టం' అని కాదు, 'ఇంజనీరింగ్ రాకపోతే ఏం చేస్తారు' అని. ఇంకో మాట, పాఠం చెప్పడానికి గెస్ట్ ఫ్యాకల్టీ ఒక్కరే. ఆయన జీతం నాలుగు నెలలు ఆగితే ఆయనా ఆగిపోయారు.

బీఓఎస్_పెద్దాయన
ఇక్కడ చాలామందికి ప్రాథమిక విషయాలు తెలియనట్టుంది. పదకొండేళ్లుగా వేర్వేరు అటానమస్ కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, అంటే సిలబస్ తయారుచేసే కమిటీల్లో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ప్రోగ్రాం ప్లానింగ్ అంటే క్రెడిట్ లెక్క. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబర్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. సెమిస్టర్‌లో థియరీ ఒక క్రెడిట్‌కి 15 గంటలు, ప్రాక్టికల్ ఒక క్రెడిట్‌కి 30 గంటలు. ఈ చట్రంలో కూర్చోబెట్టేస్తే ఏ కోర్సైనా పెట్టొచ్చు. భావోద్వేగాలతో పనిలేదు.

టైట్రేషన్_మేడమ్
కూర్చోబెట్టేస్తే అంటున్నారు, ఎవరిని సార్ కూర్చోబెట్టేది? ప్రాక్టికల్ క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు. సాల్ట్ అనాలిసిస్ రెండు గంటల్లో ఏ పిల్లాడు పూర్తి చేశాడో చూపించండి. అందులో అరగంట బర్నర్ల కోసం, బ్యూరెట్ల కోసం లైన్లో నిలబడటమే. అటెండర్ పోస్టు ఖాళీ. పిపెట్లు కడిగేది నేనే.

బీఓఎస్_పెద్దాయన
మేడమ్, అది నిర్వహణ సమస్య. సిలబస్ సమస్య కాదు.

టైట్రేషన్_మేడమ్
సిలబస్ రాసేవాళ్లు ల్యాబ్‌లో కాలు పెట్టకపోతే అది సిలబస్ సమస్యే. మా పేపర్‌కి ప్రయోగాల జాబితా ఎవరు రాశారో గానీ, అందులో ఒకదానికి కావాల్సిన పరికరం జిల్లా మొత్తంలో లేదు. రికార్డులో మాత్రం రీడింగులు ఉంటాయి. ఎలా వస్తాయో అందరికీ తెలుసు.

గోదారి_గట్టు
అసలు గొడవ వర్క్‌లోడ్ దగ్గర ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అంటారు. రెండు గంటల ల్యాబ్‌ని మా ప్రిన్సిపాల్ ఒక గంటగా లెక్కేస్తారు, క్రెడిట్ ఒకటే కదా అంటారు. అంటే ల్యాబ్ సబ్జెక్టు వాళ్లం రెట్టింపు నిలబడాలి.

బీఓఎస్_పెద్దాయన
ఒక క్రెడిట్‌కి ఒక గంటే కదా, అందులో తప్పేముంది?

గోదారి_గట్టు
తప్పేముందా? పిల్లాడి క్రెడిట్ వేరు, మాష్టారు చాకిరీ వేరు. 2016లో యూజీసీ ఇదే లెక్క తెస్తే దేశమంతా అధ్యాపకులు రోడ్డెక్కారు, కొన్ని వారాల్లో వెనక్కి తీసుకున్నారు. పదకొండేళ్ల అనుభవంలో ఇది మీ చెవిన పడలేదా?

బీఓఎస్_పెద్దాయన
నా అనుభవం గురించి మాట్లాడే అర్హత ఉందో లేదో చూసుకుని మాట్లాడండి.

టైట్రేషన్_మేడమ్
అర్హత కావాలంటే ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ల్యాబ్‌కి రండి సార్. ఏప్రన్ నేనిస్తా.

హెచ్ఈపీ_అభిమాని
మీరు ల్యాబ్ కోసం కొట్టుకుంటున్నారు, మాకు క్లాసే పోయింది. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి చదివితే గ్రూప్స్‌కి సగం ప్రిపరేషన్ అయిపోయేది. బీఏలో చేరినవాళ్లు చాలామంది అందుకే చేరేవారు. సింగిల్ మేజర్ వచ్చాక ఒక పిల్ల హిస్టరీ మేజర్ తీసుకుంటే మిగతా రెండింట్లో ఒకటి మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా దొరికింది, ఇంకోటి గాలికి. కొత్త కోర్సు కమిటీ వాళ్లు ముందు ఈ సంగతి ఆలోచించాలి. డేటా సైన్స్ అంట, డేటా సైన్స్!

కంప్యూటర్_తమ్ముడు
మేడమ్, పిల్లలు రాకపోతే మేమేం చేస్తాం? హిస్టరీ వద్దని మేం చెప్పామా?

హెచ్ఈపీ_అభిమాని
పిల్లలు రాకపోవడం కాదు తమ్ముడూ. అడ్మిషన్ల టైంలో మా గ్రూపు గురించి చెప్పే దిక్కు లేదు. ఫ్లెక్సీ మీద కంప్యూటర్ బొమ్మే ఉంటుంది. మా హిస్టరీ మేడమ్‌ది కనీసం ఫొటో కూడా వేయరు.

ఓరుగల్లు_సారు
మా తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల పద్ధతి ఉంది కాబట్టి పిల్లలు ఏం అడుగుతున్నారో ఫోన్లోనే కనబడుతుంది, మూడొందల ఫారాలు అక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త చెబుతా. బీబీఏ, బీసీఏ పెడదామని ఎవరైనా ఊరిస్తే ఆగండి. 2024-25 నుంచి వాటికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి కావాలి. మాకు తెలిసిన ఒక కాలేజీ అది చూసుకోకుండా పాంప్లెట్లు కొట్టించింది.

ఫిజిక్స్_ఒంటరి
ఫోన్లో కనబడేది డిమాండ్ కాదు సార్, అన్న చెప్పింది, నెట్ సెంటర్ వాడు నొక్కింది. మా ఊళ్లో నెట్ సెంటర్ అబ్బాయే పెద్ద కరిక్యులం డిజైనర్.

ఓరుగల్లు_సారు
ఒప్పుకుంటా.

ఆఖరి_బస్సు
నేను లెక్చరర్ కాదు, సెకండియర్ స్టూడెంట్. ఒక్క మాట. మా ఊరికి ఆఖరి బస్సు నాలుగింటికి. మా కాలేజీ కొత్తగా పెట్టిన స్కిల్ కోర్సు క్లాసు మూడున్నర నుంచి నాలుగున్నర. మా బ్యాచ్‌లో అమ్మాయిలు పదిమందిమి అది ఎప్పుడూ పూర్తిగా వినలేదు. అటెండెన్స్ మాత్రం పడుతుంది, సార్ మంచివారు.

సర్వే_బాధితుడు
అమ్మా, ఈ ఒక్క ప్రశ్న మా ఫారంలో ఉండి ఉంటే బాగుండేది. 'మీ ఆఖరి బస్సు ఎన్నింటికి?'

బీఈడీ_దారి
బస్సు కంటే ముందు పై చదువు చూడండి. మా దగ్గర సగం మంది బీఎస్సీ చేసేది బీఈడీ కోసమే. అక్కడ మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు టీచర్‌గా తయారవుతారన్నది, డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి వస్తుంది. మీరు సొంతంగా ఏదో ముద్దు పేరుతో మేజర్ కనిపెడితే రేపు పీజీ ఎంట్రన్స్‌లో, ఉద్యోగం నోటిఫికేషన్లో ఆ పేరు లేక పిల్లలు ఇదీ అదీ సమానమేనని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరుగుతారు. మా అక్క కూతురు తిరిగింది. ఏడాది పోయింది.

బీఓఎస్_పెద్దాయన
దీనికి అకడమిక్ కౌన్సిల్ తీర్మానం ఉంటే చాలు.

బీఈడీ_దారి
తీర్మానం కాగితం ఆ పిల్ల దగ్గరా ఉంది సార్. ఇంటర్వ్యూ బోర్డు చూడలేదు.

గోదారి_గట్టు
కమిటీలో_ఇరుక్కున్నా గారూ, మీరు అడిగినదానికి సూటిగా ఒక జవాబు. మీది చెరువులున్న ప్రాంతమైతే ఆక్వాకల్చర్ పెట్టండి. జువాలజీలో మీరున్నారు, మొదటి రెండేళ్లు కొత్త పోస్టు అడగకుండానే లాగొచ్చు. నీటి పరీక్షలకి కెమిస్ట్రీ ల్యాబ్ పనికొస్తుంది. హేచరీల (చేప, రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాల) వాళ్లు ఇంటర్న్‌షిప్‌కి పిల్లల్ని తీసుకుంటారు, కాకపోతే సీజన్ చూసి పంపాలి. మా వాళ్లని చెరువులు ఎండగట్టే టైంలో పంపాం, పిల్లలు రెండు నెలలు గట్టు మీద కూర్చుని వచ్చారు. ఆడపిల్లల తల్లిదండ్రులు చెరువు అనగానే వద్దంటారు, వాళ్లకి ల్యాబ్ టెక్నీషియన్ పని చూపించండి.

టైట్రేషన్_మేడమ్
నీటి పరీక్షలకి కెమిస్ట్రీ ల్యాబ్ అంటే మళ్లీ నేనే కదా కడగాలి.

కమిటీలో_ఇరుక్కున్నా
అందరికీ ధన్యవాదాలు. ఆక్వాకల్చర్ అని రాస్తున్నాను. సీట్లు తక్కువే అడుగుతున్నా. డేటా సైన్స్ మేజర్‌గా వద్దు, మైనర్‌గా చూద్దామని రాశా. సర్వే ఫారంలో బస్సు ప్రశ్న, ఇంజనీరింగ్ ప్రశ్న చేర్చాను. టైట్రేషన్ మేడమ్ గారూ, అటెండర్ పోస్టు కూడా ప్రతిపాదనలో పెట్టాను, నవ్వకండి. నా మూడో ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. నాలుగో ఏడాది ఆనర్స్ టైంటేబుల్ ఎలా?

ఫిజిక్స్_ఒంటరి
మా దగ్గర నాలుగో ఏడాదిలో ఉన్నది ఒక్కడే సార్. ఆ ఆప్షన్ తప్పు నొక్కినవాడే. టైంటేబుల్ ఏమీ లేదు, ఫోన్ చేసి పిలుస్తాను.